డీజిలు కార్ల రాక, పోక

కారు కొనేటప్పుడు మూడు లెక్కలు కలిసి పనిచేస్తాయి. షోరూంలో కట్టే ధర ఒకటి, బంకులో లీటరుకు పెట్టే ఖర్చు రెండోది, ఆ లీటరుతో వచ్చే కిలోమీటర్లు మూడోది. మూడింటిలోనూ ప్రభుత్వం చెయ్యి ఉంది. షోరూం ధరలో ఒకప్పుడు ఎక్సైజ్ సుంకం, ఇప్పుడు జీఎస్టీ, దానిపైన రాష్ట్రాల జీవితకాల పన్ను కలిసి ఉంటాయి. లీటరు ధరలో కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాటు ఉంటాయి. మైలేజీని ఉద్గార ప్రమాణాలు, ఇంధన పొదుపు ప్రమాణాలు ప్రభావితం చేస్తాయి. భారతదేశంలో ఈ మూడూ చాలాకాలం తలో దిక్కుకు లాగాయి. దాని ఫలితం డీజిలు కార్ల కథలో స్పష్టంగా కనిపిస్తుంది. 2012 నాటికి దేశంలో అమ్ముడయ్యే కార్లలో దాదాపు సగం డీజిలువి. పదేళ్లు తిరిగేసరికి ఆ వాటా ఐదో వంతు దగ్గరకు పడిపోయింది. ఈ రాకకూ పోకకూ ఇంజనీర్ల ప్రతిభ కంటే ధరల విధానమే పెద్ద కారణం.

ముందుగా మైలేజీ ఎక్కడ పోతుందో చూడాలి. పెట్రోలు ఇంజనులో కాలిన ఇంధనం ఇచ్చే శక్తిలో చక్రాల దాకా చేరేది నాలుగో వంతుకు అటూఇటూ. మిగతాది వేడిగా రేడియేటరు నుంచి, సైలెన్సరు నుంచి గాలిలో కలిసిపోతుంది. చక్రాలకు చేరిన ఆ కొద్ది శక్తినీ టైర్ల రాపిడి, గాలి నిరోధం, బ్రేకులు పంచుకుంటాయి. ఊళ్లో ఆగుతూ సాగుతూ నడిచే కారుకు బరువే పెద్ద శత్రువు, ఎందుకంటే సిగ్నలు దగ్గర ఆగిన ప్రతిసారీ కారు కూడగట్టుకున్న చలనశక్తి బ్రేకుల్లో వేడిగా మారిపోతుంది. హైవే మీద గాలి నిరోధం ముందుకొస్తుంది. అది వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 80 కిలోమీటర్ల వేగంలో ఉన్నదానికంటే 100 కిలోమీటర్ల వేగంలో సగానికి పైగా ఎక్కువ. ఎత్తుగా, వెడల్పుగా ఉండే వాహనం ఈ రెండు చోట్లా నష్టపోతుంది.

డీజిలు ఇంజనుకు ఇక్కడ సహజంగానే కొంత మొగ్గు ఉంది. అందులో నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని 16 నుంచి 18 వంతులకు నొక్కేస్తే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. పెట్రోలు ఇంజనులో ఆ నొక్కుడు సుమారు 10 వంతులే. ఎంత ఎక్కువగా నొక్కితే అదే వేడి నుంచి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. పైగా పెట్రోలు ఇంజనులా లోపలికి వచ్చే గాలిని బిగబట్టి శక్తిని తగ్గించుకోవాల్సిన అవసరం డీజిలుకు లేదు. అందుకే ఒకే పరిమాణం గల రెండు కార్లలో పెట్రోలుది లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే డీజిలుది 20 ఇవ్వగలదు.

అయితే ఈ 15, 20 అనే అంకెలు కొంత మోసపుచ్చుతాయి. డీజిలు పెట్రోలు కంటే చిక్కని ఇంధనం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, లీటరు డీజిలు కాలితే 2.7 కిలోలకు చేరువ. ఆ లెక్కన పై పెట్రోలు కారు కిలోమీటరుకు 154 గ్రాములు, డీజిలు కారు 134 గ్రాములు వదులుతాయి. లీటర్లలో నాలుగో వంతు ఆదా అయినట్టు కనిపించినా, వాతావరణం దృష్టిలో ఆదా 13 శాతమే.

లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని చెప్పుకునే అలవాటులో ఇంకో చిక్కు ఉంది. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబం 10 కిలోమీటర్ల మైలేజీ కారు నుంచి 12 ఇచ్చే కారుకు మారితే నెలకు దాదాపు 17 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చే కారు నుంచి 24 ఇచ్చేదానికి మారితే మిగిలేది 8 లీటర్లే. పెరిగిన అంకె మొదటిచోట 2, రెండోచోట 4. అయినా ఎక్కువ ఆదా మొదటిదానిలోనే. 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని లెక్కపెడితే ఈ భ్రమ ఉండదు. భారత ప్రభుత్వ ఇంధన పొదుపు ప్రమాణాలను ఆ కొలతలోనే రాశారు. షోరూంలో మాత్రం పాత కొలతే నడుస్తోంది. బరువైన వాహనాల్లో చిన్న మెరుగుదలకు ఉన్న విలువ అందువల్ల కొనుగోలుదారుకు కనిపించకుండా పోతోంది.

ఇక ధరల సంగతి. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు, నీటి పంపులు డీజిలుతో నడుస్తాయి గనుక దాని ధర పెరిగితే బియ్యం నుంచి కూరగాయల దాకా అన్నీ పెరుగుతాయన్న భయంతో ప్రభుత్వాలు దాన్ని చౌకగా ఉంచాయి. పెట్రోలును స్కూటర్లు, కార్లు ఉన్నవారి ఇంధనంగా చూసి ఎక్కువ పన్ను వేశాయి. కార్లు కూడా డీజిలుతో నడవడం మొదలయ్యాక ఈ తర్కానికి తూటు పడింది. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, డీజిలుపై ఉంచారు. ముడిచమురు ఖరీదైన కొద్దీ ఒక ధర పైకెళ్లింది, రెండోది దాదాపు అక్కడే ఆగింది. 2012 మేలో పెట్రోలు ఒక్కసారిగా ఏడున్నర రూపాయలు పెరిగి ఢిల్లీలో 73 రూపాయల 18 పైసలకు చేరినప్పుడు, అదే బంకులో డీజిలు 40 రూపాయల 91 పైసలు. లీటరుకు 32 రూపాయల తేడా.

ఈ తేడా కొనుగోలుదారు జేబులో ఎలా పనిచేసిందో చిన్న లెక్కతో తెలుస్తుంది. పెట్రోలు కారు లీటరుకు 15, డీజిలు కారు 20 కిలోమీటర్లు ఇస్తాయనీ, డీజిలు కారుకు లక్ష రూపాయలు అదనంగా కట్టాలనీ అనుకుందాం. 2012 ధరల్లో పెట్రోలు కారుకు కిలోమీటరుకు 4 రూపాయల 88 పైసలు, డీజిలు కారుకు 2 రూపాయల 5 పైసలు. కిలోమీటరుకు మిగులు 2 రూపాయల 83 పైసలు. 35 వేల కిలోమీటర్లు తిరిగితే ఆ లక్ష వెనక్కి వచ్చినట్టే. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగేవారికి మూడేళ్లు కూడా పట్టదు. ఈ మిగులులో ఇంజను గొప్పతనం వల్ల వచ్చింది తక్కువ. రెండు ఇంధనాలకూ ఒకే ధర ఉండి ఉంటే అది రూపాయిన్నర కూడా దాటేది కాదు. మిగతాదంతా ధరల విధానం ఇచ్చిన కానుక.

కంపెనీలు ఈ లెక్కను జనం కంటే ముందే చదివాయి. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల చిన్న డీజిలు ఇంజను మానేసర్‌లో తయారై 2007లో మారుతి స్విఫ్ట్‌లోకి వచ్చింది. అదే ఇంజను టాటా, ఫియట్ కార్లలోనూ కనిపించేసరికి మోటారు పత్రికలు దాన్ని దేశపు జాతీయ ఇంజను అని పిలిచాయి. పెట్రోలు ఇంజన్లకే పేరుపడ్డ హోండా కూడా 2013లో అమేజ్‌తో తొలిసారి భారత మార్కెట్లోకి డీజిలు తెచ్చింది. డీజిలు కారు కోసం నెలల తరబడి ఎదురుచూడటం, పక్కనే పెట్రోలు కార్లకు రాయితీలు ప్రకటించడం ఆ రోజుల్లో మామూలైంది.

షోరూం పన్ను ఇంకో రూపంలో కారు ఆకారాన్నే మార్చింది. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు 4 మీటర్లు మించకూడదు, ఇంజను పెట్రోలుదైతే 1,200 సీసీ, డీజిలుదైతే 1,500 సీసీ దాటకూడదు. ఈ గీతలోపల ఒదగడానికి టాటా ఇండిగో తోక కత్తిరించుకుని 2008లో సీఎస్‌గా వచ్చింది. 2012లో స్విఫ్ట్ డిజైర్ 3,995 మిల్లీమీటర్లకు కుదించుకుంది. డీజిలుకు 300 సీసీ ఎక్కువ అనుమతించడం కూడా దానికి కలిసొచ్చింది. ఇక్కడ గమనించాల్సిన విషయం, ఆ నిర్వచనంలో మైలేజీ అన్న మాటే లేదు. పొడవు కొలిచారు, ఇంజను పరిమాణం కొలిచారు. తాగే ఇంధనాన్ని కొలవలేదు. అందుకే తరువాతి కాలంలో ఎకోస్పోర్ట్, బ్రెజా, నెక్సాన్ వంటి ఎత్తైన, బరువైన వాహనాలు అదే 4 మీటర్ల గీతలో సుఖంగా ఇమిడిపోయాయి.

దీనికి దేశం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 2012-13లో చమురు కంపెనీలు గిట్టుబాటు ధర కంటే తక్కువకు అమ్మడం వల్ల ఏర్పడిన లోటు 1.61 లక్షల కోట్ల రూపాయలు. అందులో డీజిలు వాటా 92 వేల కోట్లు. ఆ తర్వాత పెట్రోలియం శాఖ పరిధిలోని ప్రణాళిక, విశ్లేషణ విభాగం చేయించిన సర్వేలో బంకుల్లో అమ్మే డీజిలులో 13 శాతం సొంత కార్లు, జీపులే వాడుతున్నాయనీ, ట్యాక్సీలు మరో 9 శాతం వాడుతున్నాయనీ తేలింది. అంటే రైతు పేరు చెప్పి, లారీ పేరు చెప్పి చౌకగా ఉంచిన ఇంధనంలో ఐదో వంతుకు పైగా కార్లలోకే పోయింది. 2010లోనే కిరీట్ పారిఖ్ కమిటీ డీజిలు కారుకు 80 వేల రూపాయల అదనపు సుంకం వేయమని సూచించింది. అది అమలు కాలేదు. ఇంధన ధర తాకలేని చోట కారు ధరను తాకమన్న ఆ సలహా ఎంతో సబబైనది. దాన్ని పక్కన పెట్టడం వల్ల నష్టపోయింది పెట్రోలు పోసుకునే స్కూటరు మనిషి.

ఆరోగ్యం లెక్క వేరే ఉంది. 2012 జూన్‌లో, అంటే ధరల తేడా తారస్థాయిలో ఉన్న వారాల్లోనే, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ డీజిలు పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని వర్గీకరించింది. మైలేజీ ఎక్కువ ఇచ్చే ఆ అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రతలే గాలిలోని నైట్రోజన్‌ను ఆక్సైడ్లుగా మారుస్తాయి. సరిగా కలవని ఇంధన తుంపర్లు మసి రేణువులవుతాయి. ఇంధన పొదుపు, స్వచ్ఛమైన గాలి ప్రతిచోటా ఒక్కటి కావు. ఒకదాని కోసం తీసిన తలుపు రెండోదానికి మూసుకుపోవచ్చు.

2013 జనవరి నుంచి డీజిలు ధరను నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుకోవడానికి కంపెనీలకు అనుమతి వచ్చింది. ఎవరికీ పెద్దగా నొప్పి తెలియకుండా తేడాను కరిగించిన ఆ పద్ధతి భారత ఇంధన విధానంలో అరుదైన ఓర్పుకు నిదర్శనం. 2014 అక్టోబరులో ముడిచమురు పడిపోతున్న సమయం చూసి డీజిలుపై నియంత్రణ పూర్తిగా ఎత్తేశారు. ఆ వెంటనే మరో మార్పు జరిగింది. 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా కేంద్రం తొమ్మిదిసార్లు ఎక్సైజ్ పెంచింది. పెట్రోలుపై లీటరుకు మొత్తం 11 రూపాయల 77 పైసలు, డీజిలుపై 13 రూపాయల 47 పైసలు. చమురు చవకవడంతో వచ్చిన ఆదా బంకు దాకా రాకుండా ఖజానాకు వెళ్లింది, అదే సమయంలో డీజిలు పాత రాయితీ కూడా కరిగిపోయింది. 2020 మేలో కరోనా కాలంలో డీజిలుపై ఒకేసారి మరో 13 రూపాయలు వేశారు. ఆ జూన్ 24న ఢిల్లీలో పెట్రోలు 79 రూపాయల 76 పైసలు, డీజిలు 79 రూపాయల 88 పైసలు. డీజిలు పెట్రోలును దాటింది.

పై లెక్కనే ఈ ధరలతో మళ్లీ వేస్తే కిలోమీటరుకు మిగులు 1 రూపాయి 32 పైసలకు పడిపోతుంది. లక్ష రూపాయలు వెనక్కి రావాలంటే 75 వేల కిలోమీటర్లు తిరగాలి, అంటే ఆరేళ్లకు పైగా. అప్పటికి ఆ లక్ష కూడా పెరిగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు వచ్చాయి. ఇంధనంలో గంధకం పది లక్షల భాగాలకు 50 నుంచి 10 భాగాలకు తగ్గింది. డీజిలు కారు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి దిగాలి. దానికి మసిని పట్టే వడపోత, ఆక్సైడ్లను విడగొట్టే రసాయన పరికరాలు తప్పనిసరి. పన్నెండు లక్షల వాహనంలో ఆ ఖర్చు ఇమిడిపోతుంది, ఆరు లక్షల కారులో ఇమడదు. మారుతి డీజిలు కార్లు పూర్తిగా ఆపేసింది. ఫోక్స్‌వ్యాగన్, రెనో కూడా అదే దారి పట్టాయి. డీజిలు ఇప్పుడు స్కార్పియో, ఇన్నోవా, క్రెటా వంటి పెద్ద వాహనాల్లో మిగిలింది.

డీజిలు వదిలిన వాళ్లు ఎటు వెళ్లారన్నది అసలు ప్రశ్న. రోజూ ఎక్కువ దూరం తిరిగే మధ్యతరగతి సీఎన్‌జీ వైపు మళ్లింది. కిలో సీఎన్‌జీలో లీటరు పెట్రోలు కంటే దాదాపు సగం ఎక్కువ శక్తి ఉంటుంది, పన్ను తక్కువ. మారుతి అమ్మే ప్రతి మూడు కార్లలో ఒకటి ఇప్పుడు గ్యాస్ కారే. గుజరాత్‌తో పోలిస్తే సీఎన్‌జీ బంకులు తక్కువగా ఉన్న తెలుగు రాష్ట్రాల్లో ఈ మార్పు నెమ్మదిగా సాగుతోంది. కొనుగోలుదారుల్లో ఎక్కువమంది మాత్రం ఇంకా పెద్ద, ఇంకా ఎత్తైన వాహనాల వైపు జరిగారు. 2012-13లో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో యుటిలిటీ వాహనాలు ఐదో వంతు. 2024-25లో అవి దాదాపు మూడింట రెండు వంతులు. పెట్రోలు వంద రూపాయలు దాటిన కాలంలోనే ఇది జరిగింది.

ధర పెరిగితే జనం చిన్న కార్లు కొంటారన్న సూత్రం ఇక్కడ ఎందుకు పనిచేయలేదు? ఇంధన ధరకు జనం స్పందించే తీరు రెండు దశల్లో ఉంటుంది. ఆఫీసు, బడి, ఇల్లు ఉన్నచోటే ఉంటాయి గనుక మొదట తిరుగుడు పెద్దగా తగ్గదు. చౌకగా దొరికే బంకు వెతకడం మాత్రం వెంటనే జరుగుతుంది. తెలంగాణలో పెట్రోలుపై వ్యాటు 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతానికి తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాటు, రూపాయి రోడ్డు సెస్సు. పుదుచ్చేరిలో భాగమైన యానాంలో పన్ను తక్కువ కాబట్టి కాకినాడ, కోనసీమ వాహనాలు అక్కడ ట్యాంకు నింపుకుంటాయి. చిత్తూరు, అనంతపురం సరిహద్దుల్లోనూ కర్ణాటక బంకులకు ఇదే గిరాకీ. రెండో దశలో కారు మార్చేటప్పుడే మైలేజీ ఎంపిక వస్తుంది. కానీ ఆదాయాలు ధరల కంటే వేగంగా పెరిగే ఇళ్లలో లీటరుకు పది రూపాయల పెంపు ఎత్తైన వాహనంలో కూర్చునే సుఖం ముందు నిలబడదు. పైగా రోజూ మారాల్సిన ధర ఎన్నో నెలలు కదలకుండా ఉంటే అది సంకేతంగా పనిచేయదు. 2022 మేలో సుంకం తగ్గించాక హైదరాబాదులో 109 రూపాయల 66 పైసల దగ్గర ఆగిన పెట్రోలు 2024 మార్చి దాకా అక్కడే ఉంది.

ధర చేయలేని పనిని ప్రమాణాలు చేయాలి. ఇంధన పొదుపు చట్టం కింద భారతదేశం 2017-18 నుంచి కేఫ్ ప్రమాణాలు అమలు చేస్తోంది. ఒక్కో కారుకు కాకుండా కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటుకు ఇవి వర్తిస్తాయి. మొదటి దశలో 1,037 కిలోల సగటు బరువుకు 100 కిలోమీటర్లకు 5.49 లీటర్లు, 2022-23 నుంచి రెండో దశలో 1,145 కిలోలకు 4.77 లీటర్లు. మీరితే 2022 సవరణ ప్రకారం కారుకు 25 వేల నుంచి 50 వేల రూపాయల దాకా జరిమానా. విద్యుత్ కారు ఒకటి అమ్మితే మూడుగా లెక్కగడతారు. లోపం ఏమిటంటే బరువు పెరిగితే పరిమితీ పెరుగుతుంది. బరువైన వాహనాలు అమ్మే కంపెనీకి సడలింపు, తేలిక కార్లు అమ్మేవారికి బిగింపు. ప్రయోగశాలలో కొలిచే తీరు కూడా ఉదారమైనది. అందులో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లే, ఏసీ ఆపి ఉంటుంది. మే నెలలో విజయవాడ రోడ్డు మీద ఏసీ ఆపి ఎవరూ నడపరు.

ఇలాంటి సందు ఎంత పెద్దదవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. 1973 చమురు ఆంక్షల తర్వాత 1975లో చట్టం చేసి 1985కల్లా కార్ల సగటు గ్యాలనుకు 27.5 మైళ్లు, అంటే లీటరుకు 11.7 కిలోమీటర్లు ఉండాలన్నారు. పికప్‌లు, వ్యానులు పని వాహనాలని వాటికి తక్కువ లక్ష్యం పెట్టారు. కంపెనీలు కుటుంబాల కార్లను ఆ రెండో గడిలోకి జరిపాయి. పెట్రోలుపై కేంద్ర పన్ను గ్యాలనుకు 18.4 సెంట్ల దగ్గరే 1993 నుంచి ఆగిపోవడంతో కొనేవారికి అడ్డేమీ లేకపోయింది. ఇప్పుడు అక్కడ అమ్ముడయ్యే కొత్త వాహనాల్లో సగానికి పైగా ఆ గడిలోవే.

భారతదేశంలో 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పెద్దవాటిపై 40 శాతమైంది. విద్యుత్ కార్లపై 5 శాతమే. తెలంగాణ 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించింది. చిన్న కారు నిర్వచనం మాత్రం 2006 నాటి పొడవు, సీసీ గీతల మీదే ఉంది. తెలుగు రాష్ట్రాల జీవితకాల పన్ను కారు ధరను బట్టి ఉంటుంది తప్ప అది తాగే ఇంధనాన్ని బట్టి కాదు. ఒకే ధర గల రెండు పెట్రోలు కార్లలో ఒకటి 14, ఇంకొకటి 22 కిలోమీటర్లు ఇచ్చినా రెండింటికీ ఒకే పన్ను. ఈలోగా బంకులో పెట్రోలే మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన లీటరులో శక్తి శుద్ధ పెట్రోలు కంటే దాదాపు 7 శాతం తక్కువ. ఇథనాల్‌కు ఉన్న ఎక్కువ ఆక్టేన్‌ను వాడుకునేలా ఇంజను సర్దుకుంటే కొంత పూడుతుంది. పాత కార్లలో 3 నుంచి 6 శాతం దాకా మైలేజీ తగ్గవచ్చని ప్రభుత్వమే చెప్పింది. ఈ మిశ్రమాన్ని ప్రత్యేకంగా చౌకగా అమ్మడం లేదు గనుక, తగ్గిన కిలోమీటర్ల ఖర్చు కారు నడిపేవారి మీదే పడుతోంది.